అడ్డుచెక్క ముందు, కోత తర్వాత

మా నాయన మార్కాపురంలో ఒక పలకల షెడ్డులో కోత పని చేసేవాడు. పొద్దున్నే షెడ్డుకు పోగానే అందరూ మర స్విచ్చి వేస్తే, ఆయన మాత్రం ముందు పానా తీసేవాడు. మర బల్ల మీద మూరెడు పొడవున ఒక చెక్క ఉండేది, రెండు బోల్టులతో బిగించి. దాన్ని వదులు చేసి, ఆ రోజుకు ఏ సైజు పలక కావాలో ఆ కొలతకు జరిపి, మళ్ళీ బిగించేవాడు. కదులుతుందేమోనని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి చూసేవాడు. పనికిరాని ముక్క ఒకటి తీసుకుని కోసి, దాన్ని చట్రం గాడిలో పెట్టి చూసేవాడు. సరిపోతే సరే, లేకపోతే మళ్ళీ పానా. ఇదంతా అయ్యేసరికి పావుగంట పట్టేది. పక్క మర మీద వాళ్ళు అప్పటికి పాతిక ముక్కలు కోసి ఉండేవాళ్ళు. కూలేమో ముక్కకింత అని లెక్క.

నాకప్పుడు పదకొండేళ్ళు. సద్ది గిన్నె ఇవ్వడానికి పోయి అక్కడే నిలబడిపోయేవాణ్ణి. "వాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు గదా నాయనా" అన్నానొకసారి.

"కోసింది మళ్ళా పెరగదు గదరా" అన్నాడు.

ఆ చెక్కను షెడ్డులో అడ్డుచెక్క అనేవాళ్ళు. పోయిన అధ్యాయాల్లో పని మొదలుపెట్టడం గురించీ, మొదలుపెట్టినదాన్ని సాగించడం గురించీ మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం ఎక్కడ ఆపాలన్న దాని గురించి. చిన్నప్పుడు రోజూ కళ్ళముందే ఉన్నా, ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి యాభై ఏళ్ళు దాటాయి. అదీ టెక్సాస్‌లో, ఒక కారు షెడ్డులో.

గాడి చెప్పిన కొలత

ముందు పలక సంగతి చూద్దాం. నల్లమల కొండలకు తూర్పున కంభం, మార్కాపురం చుట్టుపక్కల దొరికే రాయి ఇది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ళ వరుసకు కంభం పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి. నీళ్ళ అడుగున పేరుకున్న సన్నటి బురద, భూమి ఒత్తిడికీ వేడికీ గట్టిపడి, పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. గనిలోంచి తెచ్చిన దిమ్మకు పొర వెంట ఉలి పెట్టి సుత్తితో తడితే, పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోతుంది. పొర వెంట చీల్చడానికి పెద్ద బలం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. అడ్డంగా కోయడం మాత్రం వేరే పని. చీలడం రాయి ఇష్టం, కోయడం మనిషి ఇష్టం. తప్పులన్నీ ఈ రెండోదాని దగ్గరే జరుగుతాయి.

పలక చుట్టూ చెక్క చట్రం ఉంటుంది. చట్రం లోపలి వైపు సన్నటి గాడి. పలక అంచు ఆ గాడిలో కూర్చోవాలి. రాయి నూలుపోగంత ఎక్కువైనా చట్రం మూలలు కలవవు. బలవంతంగా బిగిస్తే అప్పటికి బాగానే ఉంటుంది గానీ, ఏ పిల్లవాడి సంచీలోనో నాలుగు రోజులకు పలక అడ్డంగా పగులుతుంది. తక్కువైతే గాడిలో లొడలొడలాడి ఒకనాడు జారిపోతుంది. కాబట్టి కొలత రాయిని చూస్తే తెలియదు, కోసేవాడి చేతినడిగినా తెలియదు. పలక వెళ్ళి కూర్చోబోయే గాడినే అడగాలి. మా నాయన మొదటి ముక్కను గాడిలో పెట్టి చూడడం అందుకే.

ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ వచ్చాక రాతి పలకకు గిరాకీ పడిపోయింది. ఇప్పుడు మార్కాపురం రాయి ఎక్కువగా నేలలకూ గోడలకూ పైకప్పులకూ బిళ్ళలుగా పోతోంది, విదేశాలకు కూడా. మరలు మారాయి. అడ్డు మాత్రం ఇంకా ఉంది, చెక్కకు బదులు ఇనుపది.

ఇత్తడి సాగుతుంది

మా మేనల్లుడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారాలు రైఫిల్ రేంజికి పోయి కాగితం గురి మీద కాల్చడం వాడి సరదా. పోయినసారి నేను వెళ్ళినప్పుడు కారు షెడ్డులో ఒక బల్ల ముందు కూర్చుని ఏదో తిప్పుతున్నాడు. చిన్న చేతి పిడి, దాని పక్కన చెంబులో ఇత్తడి రజను. "ఏం చేస్తున్నావురా?" అంటే, "గొట్టాలు కోస్తున్నా మామా, రండి కూర్చోండి" అన్నాడు.

ఒక మాట ముందే చెబుతాను. కాల్చేసిన తూటా గొట్టాన్ని మళ్ళీ నింపుకోవడం అమెరికాలో చాలామంది ఇళ్ళలో చేసుకునే పని. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కనక నేను దాన్ని నేర్పడం లేదు. అక్కడ ఆ గంటన్నరలో నేను చూసిన కొలత సంగతి మాత్రమే చెబుతున్నాను.

తూటాలో బుల్లెట్‌ను పట్టుకుని ఉండేది ఇత్తడి గొట్టం. కాల్చినప్పుడు లోపలి ఒత్తిడికి ఆ గొట్టం ఉబ్బి, తుపాకీలో తాను కూర్చున్న గది గోడలకు అతుక్కుంటుంది. మళ్ళీ వాడాలంటే దాన్ని అచ్చులోకి నెట్టి పాత లావుకు తేవాలి. అలా నలిపినప్పుడు ఇత్తడి ఎక్కడికి పోతుంది? ముందుకు పాకుతుంది. గొట్టం మూతి వైపు పొడుగవుతుంది. వాడు వాడే .223 రెమింగ్టన్ గొట్టం 1.760 అంగుళాలు, అంటే 44.70 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే మూతి వెళ్ళి గది చివర ఇరుక్కుంటుంది, బుల్లెట్‌ను గట్టిగా పట్టేసి వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకని కోసి 1.750కి తెస్తారు. తేడా పావు మిల్లీమీటరు. మన ఇంటర్ ల్యాబులో ఉండే వెర్నియర్ కాలిపర్స్ లాంటిదే వాడి చేతిలోనూ ఉంది, అంకెలు తెర మీద పడతాయి, అంతే తేడా.

నన్ను ఆపింది ఆ కోసే సాధనం. గొట్టాన్ని ఒక వైపు బిగిస్తారు. మూతిలోకి ఒక సన్నటి కడ్డీ పోయి అది పక్కకు జరగకుండా పట్టుకుంటుంది. పిడి తిప్పితే బ్లేడు మూతిని గీరుతుంది. గీరీ గీరీ ఒక చోట ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పినా పిడి ఉత్తగా తిరుగుతుంది, రజను రాలదు. వెనక ఒక ఉంగరం బిగించి ఉంది, అది బ్లేడును ముందుకు పోనివ్వదు.

"ఇది అడ్డుచెక్క గదరా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. తాత పని వాడు చూడలేదు. మొదటి గొట్టం కోసి, కొలిచి, ఉంగరాన్ని తలవెంట్రుకంత జరిపి, మళ్ళీ కోసి కొలిచాడు. అది సరిపోయాక మిగిలిన తొంభై గొట్టాలకూ కొలత గురించి ఆలోచించలేదు. కబుర్లు చెబుతూనే తిప్పాడు. "ఇంత నమ్మకంగా ఎట్లా తిప్పుతున్నావు?" అంటే, "ఆలోచించాల్సింది మొదటిదాని దగ్గరే ఆలోచించేశాను మామా" అన్నాడు. ఇదే మాట మా నాయన చెప్పి ఉంటే ఎన్ని ఏళ్ళు కలిసొచ్చేవో అనుకున్నాను. ఆయన రోజూ చేసి చూపించాడు, నాకే కనబడలేదు.

అడ్డు చేతిలో ఉండకూడదు

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. మార్కాపురం వైపు అడ్డు లేని కోత ఎట్లా ఉంటుందో చూడాలంటే బోరు బండి దగ్గర నిలబడండి.

మా పెదనాన్న కొడుకు, నాకు అన్న, తర్లుపాడు వైపు ఎనిమిదెకరాల బత్తాయి తోట పెట్టాడు. చెట్లు కాపుకొచ్చే వయసుకు బోరు ఎండిపోయింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు బండ్లు మన వైపు అందరికీ తెలిసినవే. అడుగుకింత రేటు, లోతు పెరిగేకొద్దీ ఆ రేటూ పెరుగుతుంది. మూడొందల అడుగుల దగ్గర దుమ్మే తప్ప చుక్క లేదు. అప్పుడు బండి మీద మనిషి వచ్చి, "ఇంకో యాభై అడుగులు చూద్దామా?" అంటాడు. అతని తప్పేమీ లేదు, అతని పని అది. కానీ ఆ నిమిషాన రైతు నిలబడి ఉన్న చోటు చూడండి. ఇప్పటికే పోసిన డబ్బు భూమిలో ఉంది. చుట్టూ పదిమంది ఉన్నారు. ఎండిపోతున్న చెట్లు ఎదురుగా కనబడుతున్నాయి. ఆ నిమిషంలో "వద్దు" అనగలిగిన మనిషిని నేను చూడలేదు. మా అన్న యాభై తర్వాత యాభై అంటూ ఐదు బోర్లు వేశాడు. ఒకదాంట్లో మాత్రం అరంగుళం నీళ్ళు పడ్డాయి, అవీ ఒక వేసవి మాత్రమే ఉన్నాయి.

మన వైపు పలకరాయి, బండరాయి ఎక్కువ. పగుళ్ళు ఉంటేనే అందులో నీళ్ళు. లోతుకు పోతే నీళ్ళు తప్పక పడతాయన్న హామీ ఏ రాయీ ఇవ్వదు. పడినా కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఫ్లోరైడు సంగతి మనకు తెలియనిది కాదు.

ఆరో బోరు వేసే ముందు అన్న నా దగ్గరకు వచ్చాడు. నేను ఇచ్చిన సలహా గొప్పదేమీ కాదు. "ఎంత లోతుదాకా పోతావో బండి రాకముందే తేల్చుకో. అంతకు సరిపడా డబ్బే పొలానికి పట్టుకుపో. మిగిలింది వదినకియ్యి. ఆమె పొలానికి రాకూడదు, ఫోనెత్తకూడదు" అన్నాను. నాలుగొందల అడుగులని తేల్చుకున్నాడు. నాలుగొందలకు నీళ్ళు పడలేదు. ఫోను చేశాడు. వదిన ఎత్తలేదు. బండి వెళ్ళిపోయింది.

ఇంకో యాభై వేస్తే పడేవేమో, ఎవరూ చెప్పలేరు. ఆ రోజు అన్న నాతో సరిగా మాట్లాడలేదు కూడా. వదిన దగ్గర మిగిలిన డబ్బుతో రెండు గేదెలు వచ్చాయి. సగం తోట తీసేసి కంది వేశాడు. బాగుపడ్డాడని నేను చెప్పడం లేదు, అప్పు ఇంకా ఉంది. కానీ ఆ ఆరో బోరు అప్పు అందులో లేదు.

ఇక్కడ పనికొచ్చే సంగతి ఏమిటంటే, అడ్డుచెక్క కోసేవాడి చేతిలో ఉండదు, బల్లకు బిగించి ఉంటుంది. చాలామంది పెట్టుకునే హద్దులు మనసులో ఉంటాయి. "ఈసారి చీటీ పాట లక్షకు మించి తగ్గించి పాడను", "పెళ్ళికి ఐదు లక్షలు దాటనివ్వను", "పదింటికి ఫోను పక్కన పెట్టేస్తాను". కోసే చేయీ ఆపే చేయీ ఒక్కటే అయినప్పుడు కోసే చేయే గెలుస్తుంది. హద్దును మనిషి బయట ఎక్కడో ఒకచోట బిగించాలి. ఇంకొకరి చేతిలో, తాళం వేసిన పెట్టెలో, తీసుకెళ్ళని కార్డులో, పక్క గదిలో పెట్టిన చార్జరులో. బిగించాక మా నాయనలాగా అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి చూడండి. వదినను ఒప్పించగలిగితే అది బిగించిన అడ్డు కాదు.

ఆ హద్దు ఎక్కడ అన్నది గాడిని అడగాలి. పెళ్ళికి ఎంత ఖర్చు పెట్టాలన్నది పక్కింటి పెళ్ళిని చూస్తే తెలియదు. పెళ్ళి తర్వాత మూడేళ్ళు ఆ ఇల్లు ఏ ఆదాయం మీద నడవాలో, అదే గాడి. అందులో పట్టేంతే కోయాలి. ఇంకొంచెం తక్కువే కోయాలి కూడా. మా మేనల్లుడు హద్దు 1.760 అయినా 1.750 దగ్గర ఆపుతున్నాడు గదా. ఎందుకంటే వాడితే మళ్ళీ పెరుగుతుంది.

వాడిన ప్రతిసారీ

ఈ చివరి మాటను కొంచెం విడిగా చూడాలి. రాయి ఒకసారి కోస్తే అయిపోయినట్టే. ఇత్తడి అలా కాదు. కాల్చి, అచ్చులో నలిపిన ప్రతిసారీ సాగుతుంది. మన పనుల్లో ఎక్కువ భాగం ఇత్తడి జాతివే.

నేను గిద్దలూరులో పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డప్పుడు మా వీధి అమ్మాయి ఒకతె చదువుకుంటూ నా దగ్గరకు వచ్చేది. మంచి నోట్సు రాసింది. మొదటిసారి చదివినప్పుడు ఒక పాఠానికి నాలుగు పేజీలు. రెండోసారి చదివేటప్పుడు ఇంకో పుస్తకంలోంచి ఎక్కించింది, ఆరు పేజీలు. కోచింగులో చెప్పినవి చేర్చింది, తొమ్మిది. పరీక్షకు నెల రోజులున్నప్పుడు ఆ అమ్మాయి దగ్గర మూడు లావుపాటి బౌండు పుస్తకాలున్నాయి, తిరగేసే టైము లేదు. చదివిన కొద్దీ పెరిగింది తప్ప తగ్గలేదు. "నువ్వు పరీక్ష హాల్లోకి ఏం తీసుకుపోతావమ్మా?" అని అడిగాను. "ఏమీ తీసుకుపోనివ్వరు గదా మాస్టారూ" అంది. "మరి పరీక్ష ముందు రోజు రాత్రి ఎన్ని కాగితాలు చూడగలవు?" లెక్క వేసుకుని, ముప్ఫై అంది. అదీ గాడి. అప్పటినుంచి ఒక పాఠాన్ని తిరగేసిన ప్రతిసారీ ఆ పాఠం ఒక కాగితం రెండు పక్కలకు దిగేదాకా కొట్టేస్తూ పోయింది. కొట్టేయాలంటే ఏది తనకు వచ్చేసిందో తేలాలి. అలా తేల్చడమే అసలు చదువైంది.

మా మేనల్లుడు ఇంకో జాగ్రత్త చెప్పాడు. గొట్టాన్ని అచ్చులో నలపకముందు కొలవకూడదట. నలిపాకే కొలవాలి, సాగేది అప్పుడు గనక. ఆ అమ్మాయి కూడా అంతే, చదవబోయే ముందు నోట్సు చూసి తీసెయ్యడం మొదలుపెడితే అవసరమైనవీ పోయేవి. చదివి ముగించాక, పుస్తకం మూయకముందు తీసేసింది. ఇంటి ఖర్చు లెక్క నెల మొదట్లో కాక నెల చివర, కట్టాల్సినవన్నీ కట్టాక చూసుకుంటే నిజం తెలిసేది కూడా ఇందుకే.

గరుకు

కోశాక మూతి అంచున కనబడీ కనబడకుండా గరుకు మిగులుతుంది. వేలు పెడితే గీసుకుంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే బుల్లెట్ లోపలికి పోయేటప్పుడు గీతలు పడతాయి. అందుకని కోణంగా ఉన్న చిన్న పనిముట్టుతో మూతి లోపల ఒక తిప్పు, బయట ఒక తిప్పు తిప్పి అంచు నునుపు చేస్తారు. ఒకటి రెండు తిప్పులే. ఎక్కువ తిప్పితే మూతి కత్తి అంచులా పలచబడి బలం పోతుంది.

నేను చేబదులు ఇవ్వడం మానేసినప్పుడు ఈ రెండు తప్పులూ చేశాను. స్కూల్లో నాతో పనిచేసే ఒకాయన ఏడాదిలో నాలుగోసారి అడిగినప్పుడు, "నా దగ్గర బ్యాంకు లేదండీ" అన్నాను. కోత సరైనదే. కానీ ఆ గరుకు ఆయనకు గుచ్చుకుంది. ఆ తర్వాత ఆరేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నాం, ఆయన నాతో టీ తాగలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధ కలుగుతుంది.

తర్వాత ఇంకొకరు అడిగినప్పుడు జాగ్రత్తపడి కారణాలు చెప్పాను. ఇంటి లోను, అమ్మాయి ఫీజు, మా ఆవిడ ఆపరేషను, ఎల్ఐసీ ప్రీమియం. ఆయన ఒక్కో కారణానికి ఒక్కో ఉపాయం చెప్పాడు, నేను ఇవ్వక తప్పలేదు. ఎక్కువ తిప్పి అంచును పలచబరిచింది నేనే. ఇప్పుడు రెండే వాక్యాలు చెబుతాను: "చేబదులు ఇవ్వడం మానుకున్నానండీ. ఇంకేదైనా పని ఉంటే చెప్పండి, చేసి పెడతాను." మొదటిది కోత, రెండోది నునుపు. రెండో వాక్యం ఊరికే అనడం లేదు. నిజంగానే బ్యాంకుకు తోడు వెళ్ళాను, దరఖాస్తులు రాసిపెట్టాను, ఒకరి కోసం కంభం దాకా పోయి హామీదారుతో మాట్లాడి వచ్చాను.

తీగ

ఆ రోజు టెక్సాస్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది చివర్లో చూసింది. వాడు కొన్ని గొట్టాలను పక్కకు తీసి పెడుతున్నాడు. పొడవు సరిగ్గానే ఉంది, కోశాడు కూడా. "ఇవెందుకు?" అన్నాను. ఒక సన్నటి తీగ తీశాడు, చివర కొంచెం వంచి ఉంది. గొట్టం లోపల అడుగుదాకా పోనిచ్చి, గోడ వెంట మెల్లగా పైకి లాగాడు. "మీరు చూడండి" అని నా చేతికిచ్చాడు. అడుగుకు కొంచెం పైన తీగ కొస ఒక చోట తట్టుకుంది. లోపల గోడ చుట్టూ పల్లం పడి ఉంది. బయటనుంచి చూస్తే అక్కడే సన్నటి మెరిసే గీత.

"మామా, మూతి దగ్గర పెరిగిన ఇత్తడి ఎక్కడిదనుకున్నారు? కొత్తగా పుట్టదు గదా. ఇక్కడినుంచి పాకిందే. మనం ముందు కోస్తూ ఉంటాం, వెనక పలచబడుతూ ఉంటుంది. ఇంకోసారి కాలిస్తే ఇక్కడ తెగుతుంది." ఆ గొట్టాన్ని పట్టకారుతో నొక్కి నలిపేసి చెత్తలో వేశాడు, ఇంకెవరూ ఏరుకుని వాడకుండా.

నేను చాలాసేపు మాట్లాడలేదు. నాకు మా నాయన గుర్తొచ్చాడు.

నేను ఇంటర్‌లో చేరిన సంవత్సరం నుంచి ఆయన రాత్రి కోత కూడా చేశాడు. రోజుకు కోసే ముక్కలు పెరిగాయి, కూలి పెరిగింది. నా ఫీజు, పుస్తకాలు, హాస్టలు, అన్నీ ఆ పెరిగిన దానిలోంచే. మేమందరం మూతి వైపే చూశాం. ఎంత పెరిగింది, ఎంత సరిపోయింది, అని. అది ఎక్కడినుంచి పాకి వస్తోందో ఒక్కరం కూడా తీగ పెట్టి చూడలేదు. పలకరాయి పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనబడని ఆ నలుసు ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు. అక్కడ మచ్చలు కడుతుంది. పట్టిన జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు కోసేవాళ్ళకు వచ్చిన జబ్బు ఇదే. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ పేరు ఉండేది, అంటే డాక్టరు చూస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. మా నాయనకు దగ్గు మొదలైనప్పుడు బీడీల వల్ల అనుకున్నాం. ఆయన బీడీలు మానేశాడు. దగ్గు మానలేదు. యాభై రెండేళ్ళకు మెట్లెక్కలేకపోయాడు.

అంత జాగ్రత్తగా అడ్డుచెక్క బిగించే మనిషి తనకు బిగించుకోలేదు. బిగించాల్సింది మేము. ఆయన గంటలకు అడ్డు మా ఇంట్లో ఎవరో ఒకరి చేతిలో ఉండాల్సింది.

కాబట్టి ఈ అధ్యాయంలో నేను మిమ్మల్ని చేయమని అడిగేది తీగ పని. మీ ఇంట్లో ఏది పెరుగుతోందో చూడండి. జీతం కావచ్చు, షాపు తెరిచి ఉంచే గంటలు కావచ్చు, పిల్లవాడి మార్కులు కావచ్చు. పెరిగిందని సంతోషించే ముందు అది ఎక్కడినుంచి పాకివచ్చిందో వెతకండి. నిద్రలోంచా, భార్య మోకాళ్ళలోంచా, అమ్మానాన్నల మందుల డబ్బులోంచా, పిల్లవాడి ఆటలోంచా? బయటకు సన్నటి మెరుపు గీతే కనబడుతుంది, అదీ వెతికితేనే. నెలకొకసారి, లెక్కలు చూసుకునే రోజునే, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు అడగండి. పల్లం తగిలితే ఆ పని ఇంకా ఎంత మిగిలి ఉందని చూడకండి, ఆపెయ్యండి.

టెక్సాస్ నుంచి వచ్చిన నెలకు మార్కాపురంలో మా చెల్లెలి మరిది షెడ్డుకు వెళ్ళాను. నేల బిళ్ళలు కోస్తున్నారు. మర కొత్తది, బ్లేడు మీద నీళ్ళు పడేలా గొట్టం ఉంది. నీళ్ళు పడితే దుమ్ము లేవదు, బురదై కిందికి కారుతుంది. గొట్టం కట్టేసి ఉంది. మర దగ్గర కుర్రవాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, కనుబొమలదాకా బూడిద రంగులో ఉన్నాడు.

"నీళ్ళెందుకు కట్టేశావు అబ్బాయ్?" అన్నాను.

"తడిసిన బిళ్ళలు ఆరబెట్టాల సార్, లేటవుతాది. ముక్కకింత గదా మాకు."

మా చెల్లెలి మరిదిని పిలిచాను. ఆరబెట్టే పనికి వేరే మనిషిని పెట్టి, ఆ కూలి ముక్కల లెక్కలోంచి తీయకుండా ఉంటే ఎంత అవుతుందో ఇద్దరం అక్కడే బిళ్ళ మీద సుద్దతో లెక్క వేశాం. పెద్ద మొత్తం కాదు. ఒప్పుకున్నాడు. నీళ్ళ కుళాయి పిడి ఊడదీసి, తెరిచిన కుళాయిని అలాగే వదిలి, పిడిని తన జేబులో వేసుకున్నాడు. బ్లేడు మీద నీళ్ళు పడ్డాయి. దుమ్ము తగ్గింది. కుర్రవాడు మొహం తుడుచుకుని, మళ్ళీ మర ముందు నిలబడి, అడ్డు కదులుతుందేమోనని అరచేత్తో కొట్టి చూశాడు.